వాదర తీరు, వేటు బలము: నౌబాదు ఎఱ్ఱరాతి నుండి కోనసముద్రపు ఉక్కు వఱకు

బీదరు పట్టణమున కానుకొనియున్న నౌబాదున నేలక్రింద నొక జలమార్గము కలదు. బహమనీ సుల్తానులు 15వ శతాబ్ది మూడవ దశకమున రాజధానిని గుల్బర్గా నుండి బీదరునకు మార్చిన పిమ్మట, పారశీక దేశపు కరేజు పద్ధతి ననుసరించి తవ్వబడినదిది. తల్లిబావియందలి ఊటనీరు స్వల్పమైన వాలుతో సొరంగము వెంట సాగును. నడుమ నడుమ గాలికిని వెలుతురునకును నిలువు బావులు దింపబడినవి. సొరంగము తొలిచిన రాయి ఎఱ్ఱరాయి, అనగా లాటరైటు. దాని యడుగున నల్లరాతి పొర యుండుటచే, పైనుండి యింకిన నీరు ఆ రెండు రాళ్ళ కూడలియందు నిలుచును. ఆ కూడలిని పసిగట్టి దానివెంట తొలుచుకొని పోవుటయే కరేజు పనివారి నేర్పు.

ఎఱ్ఱరాతికి వింతయైన గుణ మొకటి కలదు. భూమిలో నున్నంతవఱకు మెత్తగా నుండి ఇనుప పనిముట్టునకు సులభముగా లొంగును. వెలికి తీసి గాలి సోకనిచ్చినచో క్రమముగా ఇటుకవలె గట్టిపడును. 1807లో బుకానను అను స్కాట్లండు పండితుడు మలబారు ప్రాంతపు రాతిని చూచి, ఇటుక యను నర్థముగల లాటిను పదమునుండి దానికి పేరు పెట్టుటకు ఈ గుణమే కారణము. బీదరు కోట చుట్టును మూడు వరుసల కందకము ఈ రాతియందే తొలువబడినది. ఆ కందకమును చూచువారు రాతి ప్రమాణమునకు ఆశ్చర్యపడుదురు గాని, దానిని తొలిచిన ఇనుమునుగూర్చి, ఆ యినుప పనిముట్ల వాదరనుగూర్చి తలచువారు తక్కువ. చరిత్రకారులును కత్తులను వర్ణించునపుడు పిడిమీది పొదుగుడు పనిని, అలుగుమీది అక్షరములను వివరించి, అసలు పనిచేయు అంచును విడిచిపెట్టుట పరిపాటి యైనది. ఈ వ్యాసము ఆ యంచునుగూర్చినది.

తెలుగునాట ఉక్కునుగూర్చి చెప్పుకొను గొప్ప తక్కువది కాదు. డెమాస్కసు కత్తులకు మూలధాతువు తెలంగాణపు ఉక్కే యనుట నేడు పాఠ్యపుస్తకముల దాక వచ్చినది. అది నిజమే. కాని ఆ నిజమునుండి, మంచి ఉక్కు గలదు గనుక మన కత్తులన్నియు మంచివి, వాని శక్తి యంతయు ఉక్కుయందే కలదు అను నొక భావము పుట్టినది. అది నిలువదు. ఒకే యుక్కు ముద్దనుండి చేసిన రెండు కత్తులలో నొకటి పట్టుగుడ్డను కోయును, ఎముక తగిలిన తునుగును. రెండవది మ్రాను నఱకును, గుడ్డను కోయలేదు. భేదము వాదర తీరునందు గలదు.

తెలుగు భాష ఈ భేదమును ఏనాడో గుర్తించినది. కోయుట వేఱు, నఱకుట వేఱు. తఱుగుట, గీయుట, చెక్కుట, చీల్చుట, పొడుచుట అను క్రియలలో ఏ యొక్కటియు మఱొకదానికి బదులు రాదు. వరి కోయుదురు, నఱకరు. చెట్టు నఱకుదురు, కోయరు. తాటిచెట్టును గీయుదురు. గీతకత్తి పలుచనై మంగలికత్తికి దగ్గఱగా నుండును. గెలకొనను ఆకంత పలుచగా చెక్కుటయే దాని పని గనుక, దానిని చెక్కమీద రాతిపొడి చల్లి నూరుదురు. ఆ కత్తితో తుమ్మకొమ్మను కొట్టినచో వాదర వంగుటయో పెచ్చులూడుటయో తప్పదు. కోతయందు అంచు వస్తువువెంట జరుగును. నఱకుటయందు అంచు వస్తువుమీద పడును. మొదటిదానికి ప్రధానము పదును. రెండవదానికి పదునుతోపాటు బరువు, వేగము, ఆ దెబ్బను తిరిగి తాను తట్టుకొను దార్ఢ్యము కావలయును.

వాదర యనునది రెండు పక్కలు కలిసికొను మేకు వంటిది. ఆ పక్కల నడుమ కోణము ఎంత చిన్నదైన అంత సులభముగా లోనికి దిగును. మంగలికత్తికి ఈ కోణము 15 మొదలు 20 డిగ్రీల వఱకు, వంటింటి కత్తికి 30 మొదలు 40 వఱకు నుండును. నఱుకుడు కత్తికి 40 డిగ్రీలకు పైబడి యుండుట మేలు. కోణము చిన్నదైనకొలది అంచు వెనుక లోహము తగ్గును. గట్టి కఱ్ఱయందలి ముడి తగిలినపుడు ఆ పలుచని లోహము నిలువలేదు. కాని కోణమొక్కటే చాలదు. అంచు వెనుక పక్కలు ఏ తీరున వెన్నువఱకు పోవుననునది అంతకంటె ముఖ్యము. పక్కలు లోపలికి పల్లముగా తీర్చబడినచో కత్తి తేలికపడును, మొదటి వేటు లోతుగా దిగును, పిదప కఱ్ఱలో నిఱుకుకొని యూడిరాదు. పక్కలు చదునుగా నుండినచో పల్లెత్తుననే ఒరపిడి హెచ్చును. దిగిన మేర యంతయు కఱ్ఱ రెండువైపుల నొత్తి పట్టుకొనును. పక్కలు స్వల్పముగా ఉబ్బియున్న వాదర, గొడ్డలి చెంపవలె, దిగుచునే కఱ్ఱను రెండుగా త్రోయును. అందువలన కఱ్ఱ లోహమును తాకు చోటు సన్ననిపట్టీయంత మాత్రమే యగును, చెక్క యెగిరి పడును, కత్తి వెంటనే చేతికి వచ్చును. పూటంతయు కంప నఱకు కూలివానికి ఒక్కొక్క వేటు లోతుకంటె కత్తి సులభముగా నూడివచ్చుటయే మేలు. ఇఱుకుకొన్న కత్తిని లాగుటలో పోవు బలము నఱకుటలో పోవు బలమునకు తీసిపోదు. వడ్రంగి బాడిసకు మాత్రము ఒకవైపే వాలు చెక్కియుండుట, చదునైన రెండవ ప్రక్క కఱ్ఱను నున్నగా విడుచుటకు. అది నఱకు పనిముట్టని చెప్పుటకంటె చెక్కు పనిముట్టని చెప్పుట సబబు.

ఇక వాదర రేఖ, అనగా పిడినుండి మొనవఱకు అంచు నడచు గీత. ఇది నిటారుగా నుండవచ్చును, వెలుపలికి ఉబ్బియుండవచ్చును, లోపలికి వంగియుండవచ్చును, లేదా మొదట లోపలికి వంగి పిదప వెలికి ఉబ్బవచ్చును. నిటారు అంచు కొమ్మకు అడ్డముగా తగిలినపుడు తాకిన పొడవంతయు ఒక్కమాఱు పనిచేయవలయును. బలము ఆ మేరకు పంచుకొనబడును. ఉబ్బిన యంచు తాకినచోట చిన్న మేర మాత్రమే తాకును గనుక అదే బలము అక్కడ కేంద్రీకరించును. అంతకంటె విశేషమైనది ఏటవాలు. తిరుమల కొండకు బండ్లు నిట్టనిలువున గాక ఘాటురోడ్డున వంకరలు తిరుగుచు ఎక్కుట ఎందులకో అందఱెఱిగినదే. ఏటవాలుగా పోవువానికి అదే కొండ తక్కువ వాలుగ నుండును. వాదర విషయమున జరుగునదియు నదే. 30 డిగ్రీల వాదర నిలువున పడినచో కఱ్ఱకు తెలియు కోణము 30 డిగ్రీలే. కాని అదే వాదర 45 డిగ్రీల ఏటవాలున జారుచు పడినచో, కదలిక వెంట కొలిచిన కోణము సుమారు 21 డిగ్రీలకు తగ్గును. 60 డిగ్రీల ఏటవాలైనచో 15 డిగ్రీలకు వచ్చును. ఉక్కును పలుచన చేయకయే వాదరను పలుచన చేయుట యిది. దీనికితోడు, అంచు అడ్డముగా జరుగుటచేత నొక్కవలసిన బలము తగ్గునని 2004లో అట్కిన్సు ప్రభృతులు జున్నుమీదను మాంసపు ముక్కలమీదను చేసిన ప్రయోగముల మూలమున నిరూపించిరి. జున్నుతో శాస్త్రము నిరూపించుట నవ్వు పుట్టించవచ్చును గాని, కత్తిపీట ముందు కూర్చుండి వంకాయను ముందుకు త్రోయుచు తఱుగు గృహిణి నిత్యము చేయునది ఈ ప్రయోగమునే. కత్తిపీట అలుగు ఉబ్బుగా వంగియుండుటకు కారణము నదియే.

ఐనను జారుడునకు నొక హద్దు కలదు. వెనుకకు వంగిన కత్తి మెత్తని వస్తువుపై అద్భుతముగా కోయును. బెరడుగల కొమ్మమీద పడినచో మొనవైపునకు జారి బలమును కోల్పోవును. లోపలికి వంగిన అంచు జారనీయదు. మచ్చుకత్తికిని కొడవలికిని కొస ముందునకు వంగియుండుటచే కొమ్మ గాని వెన్నుగఱ్ఱ గాని ఆ వంపున చిక్కుకొనును, ఏటవాలును దక్కును. నేపాళపు కుక్రీ, కొడగు సీమ ఓడికత్తి ఈ సూత్రమునే అనుసరించినవి. తెలుగునాట గ్రామదేవతల కొలుపులందు ఉపయోగించు వేటకత్తియు కొసవైపు వెడల్పై ముందునకు వాలియుండును. ఒక్క వేటున పని ముగియవలయునను కట్టుబాటు ఆ రూపమును నిర్ణయించినది.

కొస వెడల్పు చేయుటలో మఱియొక లాభము కలదు. పిడిచివర చేతితో పట్టి విసరిన సమమైన కడ్డీ, పిడినుండి పొడవులో మూడింట రెండువంతుల దూరమున వస్తువును తాకినపుడు చేతికి అదరు తగులదు. 60 సెంటీమీటర్ల కడ్డీకి ఆ చోటు 40వ సెంటీమీటరువద్ద నుండును. బరువు కొసవైపు చేరినకొలది ఆ చోటు కొసవైపు జరుగును. వేగమును అక్కడ హెచ్చు. పల్లె కమ్మరి ఈ లెక్కను కాగితముపై వేసి యెఱుగడు. కాని కొన్న రైతు మఱునాడు వచ్చి, కత్తి చెయ్యి జివ్వుమనిపించుచున్నదని చెప్పినచో, కొలిమివద్ద వెన్నునుండి కొంత లోహమును కొసకు సాగగొట్టి యిచ్చును. ఇట్టి మార్పులు తరతరములు జరిగి యొక్కొక్క ప్రాంతమున నొక్కొక్క రూపము స్థిరపడినది.

ఇపుడు ఉక్కు సంగతి. నౌబాదునకు ఈశాన్యముగా సుమారు 140 కిలోమీటర్ల దూరమున, నిజామాబాదు జిల్లాలో కోనసముద్రము కలదు. 17వ శతాబ్దమున టావెర్నియే అను ఫ్రెంచి యాత్రికుడు, జలతరంగపు చారలు తేలు కత్తులకు తగిన ఉక్కు గోల్కొండ రాజ్యమునుండి వచ్చుచున్నదని వ్రాసెను. త్రికోణమితి సర్వేలో వైద్యుడుగను భూగర్భ పరిశీలకుడుగను పనిచేసిన హెన్రీ వాయిసీ కోనసముద్రమును దర్శించి అచటి పనిని వర్ణించెను. ఆతడు 1824లో మరణించగా, ఆ వ్రాత 1832లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. అతనికి అచ్చట ఇస్ఫహాను నగరపు వర్తకుడొకడు కనబడెను. ఉక్కు కొనుటకై అంతదూరము వచ్చి, తూకమును దగ్గఱనుండి చూచి, పారశీకమున అట్టి యుక్కును చేయజూచి విఫలులైరని చెప్పినవాడతడు. నౌబాదున నీటిని తెచ్చిన పారశీక విద్య యొకదారిన వచ్చినది. తెలంగాణపు ఉక్కు ఆ దారినే వెనుకకు పోయినది. బీదరు మదరసాను 1472లో కట్టించిన మహమూదు గవాను గిలాను ప్రాంతమువాడే; 1481లో తెలుగుగడ్డమీద, కొండపల్లివద్దనున్న సుల్తాను విడిదియందు, ఒక్క కత్తివేటునకు బలియైనవాడు.

వాయిసీ వర్ణనలో నొక యంశము ఈ వ్యాసమునకు ముఖ్యము. కోనసముద్రపు పనివారు రెండు రకముల ఇనుమును కలిపి మూసలో కరగించెడివారు. మిర్తపల్లి ఇనుము మూడు పాళ్ళు. అది అయస్కాంతపు నల్లయిసుకనుండి వచ్చినది. కొండాపురపు ఇనుము రెండు పాళ్ళు. అది ఎఱ్ఱరాతినుండి, అనగా నౌబాదు సొరంగమును తొలిచిన రాతి జాతినుండియే వచ్చినది. వరిపొట్టు కలిపిన మట్టితో చేసిన మూసలను ఒక పగలు ఒక రాత్రి కాల్చి, మెల్లగా చల్లార్చి, ముద్దలను మరల మరల కాకలో మాగనిచ్చెడివారు. వర్హువన్‌, పెండ్రే మొదలగువారు 1998లో ప్రకటించిన పరిశోధనమున, చారలు తేలుటకు ఉక్కులో నత్యల్పముగా నున్న వెనేడియము వంటి లోహములు కారణమని తేలినది. ముడిఖనిజము మారినచో చారలును మారును. రెండు ఊళ్ళ ఇనుమును లెక్కకట్టి కలుపుట వట్టి ఆచారము కాదనుటకు ఇది బలమగు నాధారము.

ఈ యుక్కునందు బొగ్గుపాలు నూటికి ఒకటినుండి రెండు వంతుల దాక నుండును. అంచు మిక్కిలి గట్టిపడును. అదే దాని బలహీనతయు. 1794లో బొంబాయినుండి లండనునకు వచ్చిన ముద్దలను పరీక్షించి పియర్సను 1795లో రాయల్ సొసైటీకి నివేదించెను. ఉక్కు అను మాటయే చెడి 'వూట్జు' అయినదని పండితులలో పలువుర మతము. ఐరోపా కమ్మరులు ఆ ముద్దను తమ ఇనుమువలె తెల్లని కాకలో కొట్టగా అది పొడిపొడి యయ్యెను. ఎఱ్ఱని కాకలోనే మెల్లగా సాగగొట్టవలయునని వారికి తెలియుటకు కాలము పట్టినది. లండనున స్టొడార్టు అను కత్తులవాడు దానితో శస్త్రవైద్యుల పరికరములను మంగలికత్తులను చేసి అమ్మెను. ఫారడేతో కలిసి 1820 ప్రాంతమున ఉక్కు మిశ్రమములపై ప్రయోగములను చేసెను. ఆతడు గొడ్డండ్లు చేయలేదనుట గమనింపదగినది. పలుచని కోణమును చిరకాలము నిలుపుకొనుట ఆ యుక్కు గుణము, దెబ్బను మ్రింగుట కాదు.

పారశీకుల షంషేరు రూపము ఈ గుణమునకు సరిగ్గా సరిపోయినది. సన్ననై, వెనుకకు బాగుగా వంగి, గుఱ్ఱముపైనుండి ఈడ్చి కోయుటకు అమరిన కత్తి యది. బరువైన వేటు దానిపై పడదు. తెలంగాణపు ఉక్కు దూరదేశమున నట్టి రూపము దాల్చి కీర్తి గాంచినది. దక్కనున మాత్రము నిటారు ఖడ్గములు, పట్టాకత్తులు వంకర కత్తులతో పాటు నిలిచినవి. అంతేకాదు, పడమటి రేవులలో పోర్చుగీసువారి మూలమున దిగిన ఐరోపా అలుగులకు దేశీయమైన పిడులు వేసి వాడుకొనిరి. అట్టి కత్తిని ఫిరంగి యనిరి. తెలుగున ఆ మాట తోపునకు మాత్రమే మిగిలినందున ఈ సంగతి మఱుగున పడినది. లోకమునకు ఉక్కు నెగుమతి చేసిన దేశము పరదేశపు అలుగుల నేల కొన్నదను ప్రశ్న తెలుగువారి ఉక్కు గర్వమునకు కొంత ఇబ్బంది కలిగించునదే. జవాబు వాదరలోనే వెదకదగును. పొడవైన నిటారు అలుగు దెబ్బకు వంగి మరల నిలువవలయును. అందుకు మధ్యమమైన బొగ్గుపాలుగల సాగుడు ఉక్కు మేలు. మూసయుక్కు గొప్పదే, కాని అన్ని పనులకు గొప్పది కాదు.

పల్లె పనిముట్ల విషయమున తెలుగు కమ్మరి ఈ చిక్కును వేఱొక దారిన విడదీసెను. గొడ్డలి, మచ్చుకత్తి, పార మొదలగువానిని మెత్తని ఇనుముతో చేసి, అంచునమాత్రము ఉక్కుముక్కను చొప్పించి కాకలో అతికెడివాడు. దీనినే ఉక్కు వేయుట యందురు. దెబ్బను ఇనుము మ్రింగును, పదునును ఉక్కు నిలుపును. ఖరీదైన ఉక్కు తులములలో మాత్రమే పట్టును. అంచు అరిగినకొలది సానరాతిపై నూరి, ఉక్కు పూర్తిగా నరిగినపుడు మరల వేయించుకొనెడివారు. నూరుటయందును కమ్మరి నేర్పు వేఱు, ఇంటివారి నేర్పు వేఱు. ఇంటివారు త్వరగా పదునెక్కవలయునని అంచును చదునుగా పలుచన చేయుదురు. కత్తి రెండునాళ్ళు బాగుగా తెగి మూడవనాడు పెచ్చులూడును. కమ్మరి ఉబ్బును చెడనీయక, కొసమెఱుపుగా అంచును మాత్రమే నూరును. రెండింటికి భేదము కంటికి కనబడదు, బొటనవ్రేలికి తెలియును.

19వ శతాబ్దమున షెఫీల్డు ఉక్కు, పిదప దేశీయ కర్మాగారముల ఉక్కు చవుకగా దొరకుటతో మూసలు చల్లారినవి. కోనసముద్రము చుట్టుప్రక్కల చిట్టెము దిబ్బలు, పగిలిన మూసల పెంకులు ఈ శతాబ్దమునందును పరిశోధకులకు దొరకుచున్నవి; 2010లో ఎక్సెటరు విశ్వవిద్యాలయమువారును బెంగుళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థవారును కలసి ఉత్తర తెలంగాణమున అట్టి తావులను సర్వే చేసిరి. ఐతే వారు లెక్కించునది ఉక్కు చేసిన తావులను. కత్తులు తీర్చిన కొలుములు ఏ మాత్రము జాడ విడువక మాయమగుచున్నవి. అంచు ఉబ్బును బొటనవ్రేలితో చూచు వృద్ధుడు పోయినచో తవ్వి తీయుటకు పెంకైనను మిగులదు.

1956లో రాష్ట్రముల పునర్విభజనమున బీదరు జిల్లా మూడుగా చీలినది. జహీరాబాదు, నారాయణఖేడు తావులు మెదకు జిల్లాతో ఆంధ్రప్రదేశమునకు వచ్చినవి. బీదరుతోపాటు నౌబాదు మైసూరు రాష్ట్రమున చేరినది. హద్దుకు రెండుప్రక్కల జొన్న, కంది, చెరకు పండు నేలయే. చెరకు నఱకు కత్తియు రెండుప్రక్కల ఒకే పని చేయవలయును. గడను మొదటంట ఒక్క వేటున కొట్టవలయును, గడ చీలిపోరాదు, మోడు నలుగరాదు. నలిగిన మోడునుండి కార్శి పిలకలు సరిగా రావు. అందువలన పలుచని, కొసవెడల్పుగల అలుగును ఏటవాలుగా నేలకు దగ్గఱగా విసరుదురు. ఈ కత్తులకు నేడు హెచ్చుగా వాడునది లారీ కమాను పట్టీల ఉక్కు. దానిలో బొగ్గుపాలు నూటికి సగముకంటె కొంచెము హెచ్చు. కోనసముద్రపు ముద్దతో పోల్చిన అది పేదది. బండి కుదుపులను లక్షలమాఱులు ఓర్చుకొనుటకు చేయబడినది గనుక, వేటును ఓర్చుకొనుటలో మాత్రము మూసయుక్కును మించినది. నఱుకుడు కత్తికి అదియే తగినదని నిష్పక్షపాతముగా నొప్పుకొనవలయును. అలు గంతయు ఒకే యుక్కు గనుక అంచున వేఱు ముక్క అతుకవలసిన పని లేదు. ఐనను అరిగిన గొడ్డలిని కొలిమికి తెచ్చు వృద్ధ రైతు నేటికిని ఉక్కు వేయించవలయుననియే యడుగును. కమ్మరియు సరేయని, కాచి, అంచును సాగగొట్టి, నూరి యిచ్చి పంపును.